అస్కర్ గ్రౌండులో ఏడు రాళ్ళు

నేను బహ్రెయిన్‌లో దిగింది ఆగస్టులో, ఉదయం ఏడున్నరకు. విమానం తలుపు దాటగానే కళ్ళద్దాలకు ఆవిరి పట్టింది. తుడుచుకున్నాను. మళ్ళీ పట్టింది. ఎనిమిదీ యాభైకి పదిమందిని ఒక వ్యానులో ఎక్కించారు. తొమ్మిదిన్నరకు అస్కర్ చేరాం. ఎడమ పక్క సముద్రం. కుడి పక్క అల్యూమినియం కర్మాగారం గొట్టాలు. రోడ్డుకు లోపలగా, తెల్ల రేకుల కప్పుతో నాలుగు బ్లాకుల లేబర్ క్యాంపు. అదే నా పోస్టింగు.

పోస్టింగు అంటే మా ఆవిడ నవ్వుతుంది. "గల్ఫ్ పోయినోళ్లందరు నౌకరి అంటరు, నువ్వొక్కనివే పోస్టింగంటవ్" అని. ఇంజనీర్ల పల్టన్‌లో పదిహేడేళ్ళు చేసి హవల్దారుగా దిగినవాడికి ఒక గేటు, ఒక రిజిస్టరు, ఒక విజిల్ చేతికిస్తే అది పోస్టింగే అవుతుంది. మా అమ్మకైతే బహ్రెయిన్ అన్న పేరే నోరు తిరగదు. కొడుకు దుబాయి పోయిండని చెప్పుకుంటుంది. ఆమె లెక్కలో సముద్రం అవతల అంతా దుబాయే.

నా పని క్యాంపు సెక్యూరిటీ. ఇచ్చిన సామాను: రెండు నీలం చొక్కాలు, ఒక టార్చి, ఒక వాకీటాకీ, ఒక విజిల్. బూట్లు నావే, పల్టన్‌వి. క్యాంపులో నూట ఎనభై మంది. సగానికి పైగా జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వాళ్ళు. మిగిలినవాళ్ళు బిహార్, బంగ్లాదేశ్, నేపాల్. క్యాంపు బాస్ మలయాళీ, మంచివాడే, కాగితాలంటే భయం ఎక్కువ. రెండో గేటు దగ్గర ఒక నేపాలీ గార్డు. మెస్సులో సిరిసిల్ల వంట మాస్టరు, నోటికి తాళం లేని మనిషి. ఆ ఊళ్ళో నాకు తెలిసిన మనుషులు వీళ్ళే. వీళ్ళతోపాటు గంగరాం అన్న.

గంగరాం మేస్త్రీ. మెట్‌పల్లి దగ్గర పల్లె. మా ఊరికి ఇరవై కిలోమీటర్లు. యాభై దాటాయి. నన్ను "మిల్ట్రీ తమ్మీ" అని పిలిచేవాడు. చదువు రాదు గాని గోడ నిలువు చూడటానికి తూకం గుండు అక్కర్లేదు, కన్ను చాలు. ఆయనకు ఒక అలవాటుండేది. ఏ సైటులో పని మొదలుపెట్టినా మొదటి ఇటుకకు బొట్టు పెట్టనిదే తాపీ ముట్టడు. జేబులో కుంకుమ పొట్లం ఎప్పుడూ ఉండేది. సూపర్‌వైజర్ వచ్చి తుడిచేసేవాడు. తెల్లారి కొత్త వరస మొదలవగానే మళ్ళీ పెట్టేవాడు. దీని మీద ఇద్దరికీ ఏళ్ళుగా కొట్లాట.

"సారు తుడుస్తడు, నేను పెడ్త. ఆయన పని ఆయనది, నా పని నాది" అనేవాడు.

ఆ చలికాలానికి ఆయన కాగితాలు పూర్తయ్యాయి. ఇంకో పద్దెనిమిది రోజుల్లో విమానం. ఈసారి పోతే ఖలాస్, మళ్ళ రానని అందరికీ చెప్పాడు. ఊళ్ళో భార్యకు పెద్ద ఆపరేషన్ అయింది, బతికి బయటపడింది. పోచమ్మకు బోనం మొక్కు ఉంది. దిగిన వారంలో మొక్కు తీర్చాలి. మెస్సులో అన్నం ముందు కూర్చుంటే ఇదే మాట.

ఆ రోజుల్లోనే ఆకాశం మీద యుద్ధం వచ్చింది. ఎవరు ఎవరి మీద వేశారు, ఎందుకు వేశారు అన్నది మీరు టీవీలో నాకంటే బాగా చూశారు. మాకు వచ్చింది సైరన్, ఆ తర్వాత శబ్దం. ఆర్డరు ఇలా ఉండేది: సైరన్ మోగితే పై అంతస్తు వాళ్ళు కింది మెస్సు హాల్లోకి రావాలి, కిటికీల దగ్గర నిలబడకూడదు, ఫోన్లో వీడియోలు తీయకూడదు. మొదటి రెండు ఆర్డర్లు పాటించారు. మూడోది మనవాళ్ళు ఎందుకు పాటిస్తారు?

ఒకనాడు సాయంత్రం ఐదూ ఇరవైకి మా మీదా పడింది. వాయవ్యం గాలి బలంగా ఉంది. సైరన్ మోగి నాలుగు నిమిషాలైంది. నేను మెస్సు తలుపు దగ్గర మనుషులను లెక్కపెడుతున్నాను. చాలా ఎత్తున ఒక మొద్దు చప్పుడు. దగ్గర పడిందని ఎవరూ అనుకోలేదు. తర్వాత పైనుంచి చిటపటలు, కడాయిలో మక్కపేలాలు వేగినట్టు. హాల్లో ఒకరిద్దరు నవ్వారు కూడా. నేను అప్పటికే నేలకు వంగి అరుస్తున్నాను. బుర్ర కంటే ముందు ఒళ్ళు గుర్తుపట్టింది.

"పండుకోండ్రి! అందరు కింద పండుకోండ్రి!"

సి బ్లాకు రేకులు చిల్లులు పడ్డాయి. నీళ్ళ ట్యాంకు పగిలింది. ఇద్దరికి భుజాల మీద గాజు గీరుకుంది. చనిపోయినవాళ్ళు లేరు. వాకీటాకీ నొక్కాను.

"గేట్ టూ. ఎలా ఉన్నావు?"

"ఠీక్ హై సాబ్. వెనక గ్రౌండులో చిన్న చిన్న డబ్బాలు పడ్డాయి. ఒకదానికి రిబ్బను ఉంది."

"ముట్టుకోకు. ఎక్కడ నిలబడ్డావో అక్కడే ఉండు. వెనక్కి ఎవ్వరినీ వదలకు."

"ఎంతసేపు సాబ్?"

"నేను వచ్చేదాకా."

ఇది ఏమిటో ఇక్కడ ఊళ్ళో అడిగినప్పుడల్లా చెబుతుంటాను, మళ్ళీ చెబుతాను. దాన్ని క్లస్టర్ బాంబు అంటారు. మామూలు బాంబులా వచ్చి నేలకు గుద్దుకోదు. పైన, చాలా ఎత్తులో దాని తల విచ్చుకుంటుంది. లోపలున్న పిల్ల బాంబులు విడిపోతాయి. కొన్ని టీ గ్లాసంత, కొన్ని చెంబంత. వాటికి గురి ఉండదు. ఇల్లు, రోడ్డు, బడి, చేను, ఏది కింద ఉంటే దాని మీద ఒక వాడంత మేర చల్లుకుపోతాయి. చాలావరకు పేలతాయి. కొన్ని పేలవు. పేలనిది పాడైపోయిందని జనం అనుకుంటారు. పల్టన్‌లో కొత్త జవాన్లకు నేను చెప్పే మాట ఒకటుండేది: అది పాడవలేదు, ఇంకా డ్యూటీ దిగలేదు. ఫైరింగ్ రేంజిలో ఎన్నో ఏళ్ళ కిందట పడిన ఒకదాన్ని మేకలు కాసుకునే ముసలాయన కర్రతో కదిపితే ఏమైందో చూశాను. ఆయనను మోసినవాళ్ళలో నేనొకణ్ణి.

క్యాంపు వెనక గ్రౌండు తొంభై అడుగుల వెడల్పు, నూట యాభై అడుగుల పొడవు. ఇసుక, కంకర. మధ్యలో ఒకే ఒక చెట్టు, మన సర్కారు తుమ్మ లాంటిది. శుక్రవారం అక్కడ క్రికెట్ ఆడేవాళ్ళు. బస్సు ఎక్కే చోటికి అడ్డదారి కూడా అదే. ఐదూ నలభైకి గోడ మీదికి ఎక్కి చూశాను. పళ్ళెమంత గుంటలు తొమ్మిది. పేలనివి నాలుగు కనబడ్డాయి. వెలుతురు తగ్గుతోంది. అప్పటికి ఆపాను.

ఆరూ ఐదుకు క్యాంపు బాస్ అధికారులకు ఫోన్ చేశాడు. జవాబు సరైనదే ఇచ్చారు. బాంబులు తీసే జట్లు కర్మాగారంలో, పెద్ద రోడ్డు మీద, ఈసా టౌన్‌లో బడుల దగ్గర ఉన్నాయి. మా ఖాళీ గ్రౌండు వరుసలో వెనక ఉంది. రెండు రోజులు, మూడు రోజులు పట్టొచ్చు. అప్పటిదాకా ఒక్కడు కూడా లోపల కాలు పెట్టకూడదు.

"మీరు మిలిటరీ కదా, మీరే చూసుకోండి" అన్నాడు బాస్.

"చూసుకుంటాను" అన్నాను. ఆ మాట అన్నప్పుడు, సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషంగా ఉంది. ఆర్నెల్లుగా సారా సీసాలు పట్టుకోవడం, బాత్రూం తగాదాలు తీర్చడం తప్ప పని లేదు. ఇప్పుడు నాకు తెలిసిన పని వచ్చింది.

మర్నాడు పొద్దున ఐదూ నలభై ఐదుకు మొదలుపెట్టాను. ఆఫీసువాళ్ళు అరబీలో, ఇంగ్లీషులో, హిందీలో ప్రమాదం అని అచ్చుకొట్టిన కాగితాలు ఇచ్చారు. గోడకు అంటించాను. పదింటికల్లా గాలి వాటిని సముద్రం వైపు తీసుకుపోయింది. టేపు కట్టాను. మధ్యాహ్నానికి తెగి చెట్టుకు చుట్టుకుంది. గాలికి పోనిది కావాలి. మా పల్టన్‌లో దానికి పద్ధతి ఉంది: రాళ్ళు. ప్రతి రాయికి ఒక వైపు తెలుపు, ఒక వైపు ఎరుపు. తెలుపు నీ వైపు ఉంటే నువ్వు బతికే చోట ఉన్నావు. ఎరుపు అవతల ఏముందో చెప్పనక్కర్లేదు.

స్టోరులో తెలుపు లేదు. రోడ్డు అంచులకు వేసే పసుపు రంగు ఒక డబ్బా ఉంది. ఇనుప గేట్లకు కొట్టే ఎర్రది అర డబ్బా. పసుపైతే ఇసుకలో ఇంకా బాగా కనబడుతుందనుకున్నాను. రాయంతా పసుపు కొట్టాను. పైన, లోపలి వైపుకు ఎరుపు పెట్టాను. గ్రౌండు చుట్టూ అంచున చిన్న రాళ్ళు, ఆరడుగులకొకటి.

తర్వాత లోపలికి వెళ్ళాను. వెళ్ళకూడదు, ఆ సంగతి నాకు తెలుసు. కాని ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో జట్టు వచ్చేసరికి చూపించాలి. గాలికి ఇసుక కదిలి అవి పూడిపోతే వాళ్ళకూ కష్టం. అడుగు ముందు కన్ను, కన్ను తర్వాత అడుగు. రెండు గంటలు పట్టింది. ఏడు దొరికాయి. ప్రతిదానికి రెండు అడుగుల ఇవతల ఒక పెద్ద రాయి పెట్టి, దానికీ పసుపు, ఎరుపు కొట్టాను. ఏడోది చెట్టు కింద, ఆకుల నీడలో ఉంది. సరిగా కనబడదు. అందుకని అన్నింటికంటే పెద్ద రాయి దాని దగ్గర నిలబెట్టాను.

సాయంత్రం నాలుగున్నరకు అందరినీ నిలబెట్టి చెప్పాను. తెలుగులో చెప్పాను, హిందీలో చెప్పాను. గోడ ఎక్కించి పదిమంది పదిమందిగా చూపించాను. రాళ్ళు చూపించి, ఆ గీత దాటితే మీ శవం తీయడానికి కూడా ఎవరూ రారని బెదిరించాను. బెదిరారు. ఆ రోజు నూట అరవై ఒక్క మంది ఉన్నారు. మిగిలిన పందొమ్మిది మంది సఖీర్ వైపు ఒక సైటులో చిక్కుకున్నారు. రోడ్లు ఆపేశారు కాబట్టి అక్కడే పడుకుంటున్నారు. వాళ్ళలో గంగరాం అన్న ఒకడు. పేర్లు రిజిస్టరులో రాసుకున్నాను. వచ్చాక చెప్పాలి.

రాత్రి అన్నాల దగ్గర వంట మాస్టరు పప్పు గరిటె పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"ఏం సారూ, బాంబులకు గుళ్లు గట్టినవా ఏంది?"

"అదేంది?"

"గోడ మీద నుంచి సూసిన. పసుపు రాసి బొట్టు వెట్టినట్టే ఉన్నయి. సరిగ్గ ఏడు. పోచమ్మను, అక్కజెల్లెండ్లను నిలవెట్టినట్టే. పెద్దామెకు చెట్టు నీడ గూడ ఇచ్చినవ్. ఇగ యాటను కొయ్యుడే తరువాయి."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి ఏమన్నానో అక్షరం అక్షరం గుర్తుంది. "మంచిదే గదా. అమ్మవారికి భయపడైన దూరముంటరు" అన్నాను.

ఆ మాట దగ్గర ఇవాళ్టికీ ఆగిపోతాను. వంటవాడి కంటికి కనబడింది నా కంటికి కనబడలేదు. కనబడ్డాక కూడా పట్టించుకోలేదు. పసుపు రాసి బొట్టు పెట్టిన రాయిని చూస్తే మనవాళ్ళు దూరం పోతారా, దగ్గరికి వస్తారా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మిలిటరీ అక్కర్లేదు, మా ఊళ్ళో పుట్టి ఉంటే చాలు. నేను పుట్టాను. అయినా తెలియలేదు. పదిహేడేళ్ళలో ఎరుపంటే ఒకటే అర్థం నేర్చుకున్నాను.

రెండో రోజు గడిచింది. జట్టు రాలేదు. మళ్ళీ రెండుసార్లు సైరన్. నేను గోడ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సాయంత్రం ఏడింటికి బాస్ వచ్చి నా మొహం చూసి, నిన్నటినుంచి నువ్వు పడుకోలేదు, వెళ్ళి పడుకో, ఇది ఆర్డరు అన్నాడు. నేపాలీ గార్డుకు చార్జి ఇచ్చాను. ఎనిమిదిన్నరకు రోడ్డు తెరిచారు, సఖీర్ నుంచి పందొమ్మిది మందీ బస్సులో వచ్చారు. గార్డు గేటు దగ్గర హిందీలో చెప్పాడు: వెనక బాంబులు పడ్డాయి, అటు వెళ్ళకండి. తలలూపి, తిని, పడుకున్నారు. నన్ను లేపలేదు. పొద్దున ఆరున్నరకు లెక్క పిలిచేటప్పుడు నేనే వివరంగా చెబుతానని ముందే అతనికి చెప్పి ఉంచాను.

పేలింది ఆరూ పన్నెండుకు. నేను బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాను.

"గేట్ టూ, ఏమిటది?"

"సాబ్, గ్రౌండు. మనిషి ఉన్నాడు సాబ్. లోపల మనిషి ఉన్నాడు."

"అంబులెన్సుకు చెప్పు. బ్లాకుల తలుపులు మూయించు. ఎవరూ రాకూడదు."

నేను చేరేసరికి ఆరూ పద్నాలుగు. దుమ్ము దిగుతోంది. చెట్టు కింద గంగరాం అన్న వెల్లకిల పడి ఉన్నాడు. స్నానం చేసిన తడి జుట్టు. ఉతికిన తెల్ల బనీను, తెల్ల పంచె. నడుము కింద తెలుపు లేదు. పెద్ద రాయి ముందు కంకరంతా ఏరి, చేతితో చదును చేసి ఉంది. రెండు ఊదుబత్తీలు ఇసుకలో గుచ్చి ఉన్నాయి. ఒకటి విరిగింది. ఒకటి వెలుగుతూనే ఉంది. రాయి మీద నేను కొట్టిన ఎర్ర రంగు పైన అసలు కుంకుమ.

అంతా ఒక్కసారి అర్థమైంది. బాంబులు పడ్డాయని విన్నాడు. పొద్దున స్నానానికి లేచి గోడ సందులోంచి చూశాడు. చెట్టు కింద పసుపు కుంకుమల రాయి, చుట్టూ చెల్లెళ్ళు. ఆపద వచ్చింది కదా, ఎవరో తెలిసినవాళ్ళు క్యాంపు కాపాడమని అమ్మను నిలిపారనుకున్నాడు. ఊళ్ళో రోగం వచ్చినా, గండం వచ్చినా మనం చేసేది అదే. పనికి పోయేముందు దండం పెట్టుకుందామని, గార్డు చూడకముందే ఆ సందులోంచి వచ్చాడు. జాగా శుభ్రం చేస్తుంటే ఆకుల్లో రిబ్బనుతో ఒక డబ్బా కనబడింది. అమ్మ ముందు చెత్త ఎందుకని పక్కకు తీశాడు.

అంచు నుంచి చెట్టు దాకా పన్నెండు అంగలు. మొదటి రోజు నేను నడిచిన అడుగుల జాడలను గాలి తుడిచేసింది. ఏడు దొరికాయి, నిజమే. ఎనిమిదోది లేదని ఎవరు చెప్పారు? రెండు రోజుల గాలిలో ఇసుక కదిలింది. పద్ధతి ఒకటే ఉంది: కాపాడటానికి వెళ్ళేవాడు పరుగెత్తకూడదు. ఇద్దరు పడితే ఇద్దరినీ తీయడానికి మూడోవాడు రావాలి. గేటు దగ్గర తీసుకున్న స్క్రూడ్రైవరుతో మోకాళ్ళ మీద దిగాను. ఇసుకను ఏటవాలుగా పొడుస్తూ, చేతితో తడుముతూ, జానెడు జానెడు. మొదలుపెట్టింది ఆరూ పదహారుకు.

ఆయనకు స్పృహ ఉంది.

"ఎవలది? మిల్ట్రీ తమ్మీ, నువ్వేనా?"

"నేనే అన్నా. వస్తున్న. కదలకు."

"కాళ్లు తెలుస్తలేవు."

"కదలకన్నా."

నేను మూడో అంగ దాటాను. చెమట కళ్ళలో పడుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"తమ్మీ."

"ఆఁ."

"అమ్మకు కోపమొచ్చినట్టుంది."

స్క్రూడ్రైవరు మొనకు ఏదో తగిలింది. రాయి. మెల్లగా తీసి పక్కన పెట్టాను.

"తానం జేసే వచ్చిన. నీసు గూడ ముట్టలే నిన్నటి సంది. నేనేం తప్పు జేసిన తమ్మీ?"

"కదలకు" అన్నాను.

"మొక్కు మర్వలే. పోంగనే తీరుస్తనని ఇప్పుడే జెప్పిన. ఏం తప్పు జేసిన?"

మళ్ళీ "కదలకు" అన్నాను.

చెప్పొచ్చు. ఊపిరి ఉంది, నోరు ఉంది. అన్నా, అది అమ్మ కాదు, నేను వేసిన రంగు, నువ్వు ఏ తప్పూ చేయలేదు. పన్నెండు మాటలు కూడా లేవు. కళ్ళు నేల మీద ఉండాలి, మాటల్లో పడితే చెయ్యి తప్పుతుంది, అందుకే చెప్పలేదని మొదట్లో చెప్పుకునేవాణ్ణి. అది సగమే నిజం. మిగతా సగం, ఆ మాట ఆయన ముందు ఒప్పుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. బాంబు మీద మోకాళ్ళతో పాకే ధైర్యం ఉంది, అది లేదు.

ఏడో అంగ దగ్గర ఆయన మాట ఆగింది. పదో అంగ దగ్గర ఊపిరి శబ్దం వినబడుతోంది. నేను చేయి అందించేసరికి ఆరూ నలభై ఒకటి. బెల్టుతో తొడ బిగించాను. అప్పటికే ఊపిరి ఆగింది, బిగించడానికి కారణం లేదు. పల్టన్ నేర్పింది కాబట్టి బిగించాను. అంబులెన్సు వాళ్ళు గీత బయట స్ట్రెచరు పట్టుకుని నిలబడ్డారు. ఆయనను నేనొక్కణ్ణే భుజాన వేసుకుని, వచ్చిన జాడలోనే వెనక్కి వచ్చాను.

ఆ రోజే మధ్యాహ్నం రెండింటికి జట్టు వచ్చింది. యంత్రాలతో గ్రౌండంతా జల్లెడ పట్టారు. నేను గుర్తుపెట్టినవి కాక ఇంకొకటి దొరికింది, అవతలి గోడ మూలన, ఇసుకలో. అంచు నుంచి చెట్టు దాకా తిన్నగా వెళ్ళే దారిలో ఏమీ లేదు. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే చెప్పారు. పరుగెత్తి ఉంటే ఆరు సెకన్లు పట్టేది. నేను ఇరవై ఐదు నిమిషాలు తీసుకున్నాను. పద్ధతి తప్పని ఎవరూ అనలేదు. మళ్ళీ అలాంటిది వస్తే మళ్ళీ పద్ధతి ప్రకారమే వెళ్తాను. అయినా ఆ ఇరవై ఐదు నిమిషాలు నన్ను వదలవు.

జట్టు అధికారి స్థానికుడు, నెమ్మదస్తుడు. బాస్ మధ్యలో నిలబడి తర్జుమా చేసి చెప్పాడు.

"గుర్తులు ఇంత స్పష్టంగా ఉన్నాయి కదా, ఎందుకు వెళ్ళాడు అంటున్నారు."

"ప్రార్థన చోటు అనుకున్నాడు."

అధికారి రాళ్ళ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఇంకొకటి అడిగాడు.

"రంగు వేసింది మీరేనా, మీదీ అతనిదీ ఒకే ఊరా అంటున్నారు."

"ఒకే జిల్లా" అన్నాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండానే కంపెనీ ఆరు భాషల్లో ఇనుప బోర్డులు తెచ్చి గేటు గేటుకూ బిగించింది. చేతులు కాలాక ఆకులు. అప్పటికి గ్రౌండులో బాంబులు లేవు. బోర్డులు మాత్రం మెరుస్తూ ఉండేవి. వంట మాస్టరు నాతో మాట్లాడటం మానలేదు గాని, నా ముందు నవ్వడం మానేశాడు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. కంచే చేను మేసిందని నా మొహం మీద అనడానికి నూట ఎనభై మందిలో ఒక్కడికి నోరు రాలేదు.

గంగరాం అన్న శవం ఉన్న పెట్టె ముందు వెళ్ళింది. నేను నాలుగు నెలల తర్వాత వచ్చాను. రెండేళ్ళ కాంట్రాక్టు మధ్యలో వదిలేశాను. హైదరాబాదులో పొద్దున నాలుగింటికి దిగి, బస్సు ఎక్కి, మా ఇంటికి పోకుండా ముందు మెట్‌పల్లి దిగి ఆటోలో వాళ్ళ పల్లెకు పోయాను. పదకొండు గంటలైంది. ఆయన భార్య రాజవ్వ అరుగు మీద బీడీలు చుడుతోంది. ఒళ్ళో చాట, చాటలో ఆకు, తంబాకు. నేనెవరో చెప్పాను. నీళ్ళిచ్చింది. కూర్చుంది. చేతులు మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాయి.

"నా వల్లనే పాయె తమ్మీ" అంది. నేను అడగకముందే. "ఆపరేషన్ అయినంక బోనం జేస్తనని ఆయన మొక్కిండు. ఈడ నన్ను జెయ్యమన్నడు. నేనే, నువ్వు వచ్చినంక జేద్దమని ఆపిన. అమ్మ ఎన్నొద్దులు సూస్తది? ఆయనను తీస్కపాయె."

ఊరంతా అదే అనుకుంటోందట. ఆమె బోనం ఆపడం వల్లే మొగుడు పోయాడని. నాలుగు నెలలుగా ఆ మాట మోస్తోంది. అది నా మాట, నేను మోయాల్సింది.

"గట్ల గాదు వదినా" అన్నాను. "ఆడ అమ్మ లేదు. అవి ఉత్త రాళ్లు. పసుపు, ఎరుపు నేనే ఏసిన."

చేతులు ఆగాయి.

"నువ్వెందుకేసినవ్?"

"మనుషులు రావద్దని."

"పసుపు కుంకుమ వెట్టి రావద్దంటె మనోళ్లు ఆగుతరా? ఏ ఊరు తమ్మీ నీది?"

మా ఊరి పేరు చెప్పాను.

"మీ ఊర్ల పోచమ్మ లేదా?"

"ఉన్నది."

ఆమె చాట కిందపెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడవలేదు. నా వైపే చూస్తూ అడిగింది.

"ఆఖరుకు ఏమన్న జెప్పిండా?"

అబద్ధం ఆడొచ్చు. నీ పేరు తలచుకున్నాడని అనొచ్చు, చాలామంది అంటారు. నేను ఉన్నదే చెప్పాను. ఏం తప్పు చేశానని రెండుసార్లు అడిగాడని చెప్పాను.

"నువ్వేమన్నవ్?"

"కదలకు అన్న."

"ఏం తప్పు జెయ్యలే అనకపోతివి" అంది రాజవ్వ. "ఒక్క మాట."

లేచి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేయలేదు. నేను అరుగు మీద ఇంకో గంట కూర్చున్నాను. మళ్ళీ బయటికి రాలేదు. పన్నెండున్నరకు లేచి వచ్చేశాను.

ఆమెకు ఒకటి చెప్పలేదు. ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ ఉదయం ఆరూ పద్నాలుగుకు గీత దగ్గరికి చేరినప్పుడు నాకు మొదట కనబడింది మనిషి కాదు, చెప్పులు. నీలం పట్టీల హవాయి చెప్పులు. అంచు రాళ్ళకు సరిగ్గా బయట, ఒకదాని పక్కన ఒకటి, గుడి ముందు విడిచినట్టు విడిచి ఉన్నాయి. నేను పెట్టిన హద్దును ఆ క్యాంపులో అంత భక్తిగా చూసింది గంగరాం అన్న ఒక్కడే. నేను వాటిని దాటుకుని లోపలికి వెళ్ళాను, బూట్లతోనే.